పాట అయిపోయాక పేర్లు చదవండి

ఈ వారం మీ ఫోన్‌లో చూసిన ప్రైవేట్ సాంగ్ ఏదో ఒకటి గుర్తు తెచ్చుకోండి. పాట పేరు నాకు చెప్పక్కర్లేదు. అందులో ఏముందో నేను చెప్తాను, సరిపోయిందో లేదో మీరే చూసుకోండి.

మొదట డ్రోన్ లేస్తుంది. కింద పచ్చటి వరిచేలు, పక్కన కాలవ, గట్టున కొబ్బరిచెట్లు. వాటి మీద పాట పేరు పడుతుంది. లంగా ఓణీలో అమ్మాయి గట్టు మీద నడిచొస్తుంది. గాజుల చెయ్యి దగ్గరగా ఒక షాట్, పట్టీల కాలు దగ్గరగా ఇంకో షాట్. అబ్బాయి బండి మీద ఎదురొస్తాడు. పల్లవికి వాళ్ళిద్దరి వెనక ఒకే రంగు బట్టల్లో ఆరుగురో ఎనిమిదిమందో డాన్సర్లు. రెండో చరణం వచ్చేసరికి అంతా స్లో మోషన్. మధ్యలో రెండు సెకన్లు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మైక్ ముందు నిలబడ్డ సింగర్. ఆఖర్లో రీల్స్‌కి పనికొచ్చే ఒక స్టెప్పు. తర్వాత పేర్లు గబగబా పైకి పోతాయి, మనం వేరే వీడియోకి పోతాం.

విజయవాడ కాలేజీ కుర్రాళ్ళ బ్యాండ్ పాటైతే సరుకు మారుతుంది, వరస మారదు. ప్రకాశం బ్యారేజీ లైట్ల కింద ఒక్కడే నడుస్తుంటాడు. డాబా మీద గిటార్, బస్సు కిటికీకి ఆనించిన తల, పాత వీడియో క్యాసెట్‌లాగా గీతలు పడే బొమ్మ. సినిమా పాటలా ఉండకూడదని మొదలుపెట్టినవాళ్ళు కూడా ఒకళ్ళలా ఒకళ్ళు తయారయ్యారు.

నవ్వుకోవడానికి ఇదంతా చెప్పట్లేదు. మనలో చాలామందిమి ఇవే పాటలకి ఎగిరినవాళ్ళం. మన గూడేల్లోంచి, కాలనీల్లోంచి ఇప్పుడు తమ్ముళ్ళు, చెల్లెళ్ళు కూడా పాటలు తీస్తున్నారు. అందుకే ఈ ఆనవాయితీల గురించి మనం కూర్చుని మాట్లాడుకోవాలి. వీటిలో కొన్ని డబ్బుల్లేక పుట్టినవి. వాటిని హాయిగా వాడుకుందాం. కొన్ని మాత్రం డబ్బుతో సంబంధం లేనివి. ఎవరు తెర మీద ఉండాలి, ఎవరి పేరు కింద ఉండాలి అనేదాన్ని మనల్ని అడక్కుండానే తేల్చేసేవి. తేడా ఇక్కడే చూడాలి.

ముందు డబ్బు సంగతి. ఒకప్పుడు ఆంధ్రాలో సినిమా వ్యాపారమంటే విజయవాడ గాంధీనగర్. డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులన్నీ అక్కడే. పాట జనంలోకి పోవాలంటే సినిమాలో ఉండాలి, లేకపోతే రేడియోలో రావాలి. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948లో మొదలైంది. అక్కడ పాడాలంటే ఆడిషన్ గడప దాటాలి. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చి డేటా చవకయ్యాక ఈ గడపలన్నీ ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఒక కెమెరా, ఒక ల్యాప్‌టాప్, ఒక యూట్యూబ్ ఛానల్ ఉంటే చాలు. మన పాటకి దారి దొరికిందీ అప్పుడే.

చేతిలో డబ్బు తక్కువ, తెర మీద మాత్రం ఘనంగా కనబడాలి. పావుకేజీ బరువు కూడా ఉండని డ్రోన్‌ని గంట అద్దెకి తెస్తే క్రేన్ పని చేసిపెడుతుంది. అందుకే ప్రతి పాటా ఆకాశం నుంచి మొదలవుతుంది. ప్రాక్టీస్‌కి రోజులు లేనప్పుడు డాన్స్‌లో తప్పుల్ని స్లో మోషన్ కప్పేస్తుంది. సెట్ వెయ్యలేం కాబట్టి కాలవగట్టు, భవానీ ద్వీపం, ఉండవల్లి, మంగినపూడి బీచ్. లైట్లు కొనలేం కాబట్టి పొద్దున్నే ఆరింటికి షూటింగ్. ఇందులో తప్పేముంది? లేనివాడి తెలివితేటలు ఇవి.

ప్రపంచంలో ఎక్కడైనా ఇంతే. పాట మాటలు తెర మీద పడే లిరికల్ వీడియోలు ఇప్పుడు మనకి మామూలు. 1965లో బాబ్ డిలాన్ లండన్‌లో ఒక సందులో నిలబడి, మాటలు రాసిన అట్టలు ఒక్కొక్కటీ చూపించి కింద పడేస్తూ ఒక పాటకి బొమ్మ తీయించుకున్నాడు. పెదాలు కూడా కదపలేదు. ఆ అట్టల ఐడియాని ఇప్పటికీ ఎంతమంది వాడుతున్నారో లెక్కలేదు. 2006లో అమెరికాలో ఓకే గో అనే బ్యాండ్ ఎనిమిది ట్రెడ్‌మిల్లుల మీద, ఒకే షాట్‌లో, కట్ లేకుండా పాటంతా ఆడింది. సింగర్ అక్క ఆ స్టెప్పులు నేర్పింది. ఆ వీడియోకి గ్రామీ వచ్చింది. డబ్బు లేకపోయినా ఒక్క ఆలోచన గట్టిగా ఉంటే ఆనవాయితీని కొత్తగా పుట్టించొచ్చని వాళ్ళు చూపించారు.

ఇక రెండో రకం ఆనవాయితీలు. వీటికీ డబ్బుకీ సంబంధం లేదు.

మొదటిది, నోరు. పాడినావిడ ఒకరు, తెర మీద పెదాలు కదిపే అమ్మాయి ఇంకొకరు. ఇది సినిమా నుంచి వచ్చిన అలవాటు. సినిమాలో కథ ఉంటుంది, పాత్ర ఉంటుంది, నటి పాడలేకపోవచ్చు, సరే. నాలుగు నిమిషాల ప్రైవేట్ సాంగ్‌లో కథేముంది? పాటే కథ. అలాంటప్పుడు పాడిన మనిషిని దాచాల్సిన అవసరం ఎందుకొచ్చింది? రంగు తక్కువనా, వయసు ఎక్కువనా, చీర మామూలుగా ఉందనా? ఎవరూ పైకి అనరు. రెండు సెకన్ల స్టూడియో షాట్ పడేసి సరిపెడతారు. మంగ్లీని చూడండి. బంజారా ఇంటి బిడ్డ. తన పాటల్లో చాలావాటికి తనే ముందు నిలబడి పాడింది. జనం గొంతుతోపాటు ఆ మొహాన్ని కూడా గుర్తుపెట్టుకున్నారు. పాడేవాళ్ళు కనబడితే వ్యూస్ రావనే మాట అక్కడే తేలిపోయింది.

రెండోది, వేషం. 'ట్రైబల్ సాంగ్' అనగానే ఈకలు, ఆకులు, బుగ్గల మీద తెల్ల చుక్కలు, చేతిలో బల్లెం, అర్థంలేని కేకలు. ఇది కెమెరా తెచ్చిన రోగం కూడా కాదు. పాత యక్షగానాల్లో, కురవంజి నాటకాల్లో కొండ నుంచి దిగొచ్చి సోది చెప్పే సింగి ఉంటుంది, పిట్టలు పట్టే సింగడు ఉంటాడు. పెద్దింటి నాయికకి ప్రియుడు దొరుకుతాడో లేదో చెప్పడమే ఆ కొండ మనిషి పని. మన వేషం వాళ్ళకి కావాలి, మన బతుకు అక్కర్లేదు. అప్పుడు చేతిలో కర్ర, బుట్ట. ఇప్పుడు నెమలి ఈకలు.

ఈకలంటే గుర్తొచ్చింది. గుస్సాడీ తెలుసు కదా? ఆదిలాబాద్ వైపు రాజ్‌గోండులు దీపావళి రోజుల్లో, దండారి పండగలో ఆడతారు. గుస్సాడీ కట్టినవాళ్ళు దీక్షలో ఉంటారు, దీక్ష అయ్యేదాకా స్నానం చెయ్యరు. తలమీద నెమలి ఈకల కిరీటం ఆ దీక్షలో భాగం. మర్లవాయికి చెందిన కనకరాజు గారు జీవితమంతా ఆ ఆట నేర్పారు, 2021లో పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. అలాంటి కిరీటాన్ని అద్దెకి తెచ్చి లవ్ సాంగ్‌లో వెనక డాన్సర్ల నెత్తిన పెట్టినప్పుడు నష్టమేంటని ఎవరైనా అడిగితే ఇదీ జవాబు: అది కాస్ట్యూమ్ కాదు, మొక్కు.

మూడోది, కెమెరా ఎత్తు. అరకులో థింసా తీసిన ప్రతివాళ్ళూ డ్రోన్ పైకి లేపుతారు. పై నుంచి చూస్తే పాములా మెలికలు తిరిగే వరస, బాగుంటుంది, నేనూ ఒప్పుకుంటాను. కానీ థింసా ప్రాణమంతా వీపు వెనక ఉంది. పక్కావిడ నడుం వెనక నుంచి చెయ్యి పోనిచ్చి, అవతలావిడ చేతిని పట్టుకుంటారు. ఒక్కరు తడబడితే వరసంతా పట్టుకుంటుంది. ఆ పట్టు కనబడాలంటే కెమెరా నడుం ఎత్తున, వాళ్ళ వెనక నడవాలి. తుడుం, మోరి వాయించేవాళ్ళ మొహాలు కూడా ఆకాశం నుంచి కనబడవు. కాబట్టి డ్రోన్ తప్పని అననుగానీ, డ్రోన్ ఒక్కటే అయితే మనుషులు చుక్కలైపోతారు.

ఇంతకీ అరకుదాకా ఎందుకు పోతారు? 'ఇక్కడ ఆదివాసీలు ఎక్కడున్నారు' అనుకుంటారు కాబట్టి. కృష్ణా డెల్టాలో ఐదో షెడ్యూల్ ప్రాంతం లేదు, నిజమే. మనుషులు లేరా? యానాదులం ఉన్నాం, ఎరుకలవాళ్ళు ఉన్నారు, సుగాలీలు ఉన్నారు. 2011 లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులే ఐదు లక్షలకు పైన. హీరో హీరోయిన్ చేతులు పట్టుకు పరిగెత్తే ఆ వరిచేలల్లోనే మావాళ్ళు ఎలుక బుట్టలు పెడతారు. వెనక మెరిసే ఆ కాలవల్లోనే వల వేస్తారు. ఆ రొయ్యల చెరువుల గట్ల మీదే రాత్రిళ్ళు కాపలా ఉంటారు. లొకేషన్ మాది, ఫ్రేములో మేం ఉండం. ఉన్నా, పిల్లలు డ్రోన్ వెనక పరిగెత్తే షాట్‌లో ఉంటాం. 'సహజంగా వచ్చింది' అని మెచ్చుకుంటారు ఆ షాట్‌ని.

నాలుగోదే అన్నిటికంటే పెద్దది. పేర్లు.

మా కాలనీకి ఆమధ్య ఒక టీమ్ వచ్చింది. ఎవరో చెప్పను, అది ముఖ్యం కాదు. మా పెద్దమ్మ పాడుతుందని ఎవరో చెప్పారట. కాలవగట్టున కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డ్ చేసుకున్నారు. ఐదొందలు, ఒక బిర్యానీ పొట్లం ఇచ్చారు. కొన్ని నెలలకి పాట వచ్చింది. వరస పెద్దమ్మది, మాటలు సగం పెద్దమ్మవి, గొంతు స్టూడియోలో వేరే అమ్మాయిది, పెదాలు ఇంకో అమ్మాయివి. పెద్దమ్మ మూడు సెకన్లు కనబడింది, బుట్ట నెత్తిన పెట్టుకుని నవ్వుతూ. కింద రాసింది చూశాం: సాహిత్యం జానపదం, సేకరణ ఫలానా. డ్రోన్ నడిపినతని పేరు ఉంది. పోస్టర్ చేసినతని పేరు ఉంది. పొలం ఇచ్చిన ఆసామికి ప్రత్యేక కృతజ్ఞతలు ఉన్నాయి. పెద్దమ్మ పాట రెండుసార్లు పెట్టించుకుని చూసి, 'బానే ఉంది గానీ, ఆ పిల్ల ఎప్పుడైనా ఎండ్రకాయ పట్టిందా' అంది. అందరం నవ్వాం. నవ్వు అయిపోయాక ఎవరికీ ఏం మాట్లాడాలో తెలియలేదు.

'జానపదం అంటే అందరిదీ కదా' అని ఇక్కడ కొందరంటారు. వరస అందరిదీ కావొచ్చు. ఆ సాయంత్రం ఆ గొంతు ఒక్క మనిషిది. చట్టం కూడా ఈ రెంటినీ విడిగానే చూస్తుంది. 1957 కాపీరైట్ చట్టంలో రచయిత హక్కు వేరు, ప్రదర్శించినవాళ్ళ హక్కు వేరు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు, ఆడేవాళ్ళు, ఆఖరికి పాములాడించేవాళ్ళు కూడా ఆ చట్టం దృష్టిలో ప్రదర్శకులే. 2012 సవరణ తర్వాత, ప్రదర్శనని వ్యాపారానికి వాడితే రాయల్టీలో వాటా, 'ఇది నేను చేసింది' అని పేరు చెప్పించుకునే హక్కు వాళ్ళకి ఉన్నాయి.

అయితే అదే చట్టంలో ఒక మెలిక ఉంది, ఇది మనవాళ్ళందరూ తెలుసుకోవాలి. దృశ్యరూపంలో తీసినదాంట్లో ఎవరి ప్రదర్శనైనా ఏదో దారిన పోతూ చేసినట్టు చిన్నదై, పరిశ్రమ మామూలు ఆనవాయితీ ప్రకారం ఎక్కడా, క్రెడిట్స్‌లో కూడా పేరు వెయ్యనిదైతే, ఆ మనిషిని ప్రదర్శకుడిగా లెక్కపెట్టరు. తన ప్రదర్శనని చెడగొట్టి చూపిస్తే అభ్యంతరం చెప్పే హక్కు ఒక్కటే మిగులుతుంది. ఇంకోసారి చదవండి. పేరు వెయ్యకపోవడం ఆనవాయితీ అయితే, ఆ ఆనవాయితీయే హక్కుని తీసేస్తుంది. అంటే మనం చూసీచూడనట్టు వదిలేసే ప్రతి 'జానపదం', పేరులేని ప్రతి వెనక వరస, రేపు ఇంకొకళ్ళ మీద సాక్ష్యమవుతుంది. అందుకే ఆనవాయితీల గురించి ఇంత పట్టుబడుతున్నాను. ఇది అందం గురించిన గొడవ ఒక్కటే కాదు.

పేరుంటే అంతా సర్దుకుంటుందా? అదీ లేదు. 2021 మార్చిలో వచ్చిన 'ఎంజాయ్ ఎంజామీ' మీరందరూ చూసే ఉంటారు. తేయాకు తోటల్లో పనిచేసిన తన అమ్మమ్మ వళ్ళియమ్మాళ్ జ్ఞాపకాల నుంచి అరివు ఆ మాటలు రాశాడు, ఆమెని తెర మీద కూర్చోబెట్టాడు. పెద్దవాళ్ళని అలంకారంగా కాకుండా పాటకి మూలంగా చూపించడం అంటే అది. అయినా అదే ఏడాది ఆగస్టులో ఒక పెద్ద సంగీత పత్రిక ముఖచిత్రం మీద ఆ పాట పాడిన ధీ ఉంది, అరివు లేడు. పా. రంజిత్ లాంటివాళ్ళు గట్టిగా అడగాల్సొచ్చింది. 2024లో సంగీత దర్శకుడు సంతోష్ నారాయణన్, ఆ పాట నుంచి తమకి డబ్బేమీ రాలేదని బాహాటంగా చెప్పారు. కోట్లమంది చూసిన పాటకే ఇలా ఉంటే, మన కాలవగట్టు పాటకి కాగితం ఎంత అవసరమో ఆలోచించండి.

వేరేలా తీసినవాళ్ళు కూడా ఉన్నారు. ఒడిశా కాశీపూర్‌లో బాక్సైట్ గనులకి ఎదురు నిలబడ్డ ఆదివాసీ నాయకుడు భగవాన్ మాఝీ పాట స్ఫూర్తితో కె.పి. శశి 'గావ్ ఛోడబ్ నహీ' వీడియో తీశారు. ఆ పాట ఊళ్ళలో పుట్టింది, ఊళ్ళ పేరు మీదే తిరిగింది. 2015లో సోఫియా అష్రఫ్ 'కొడైకెనాల్ వోంట్' తీసినప్పుడు అందరికీ తెలిసిన హిప్‌హాప్ వీడియో పద్ధతినే తీసుకుంది. అదే వరస, అవే స్టెప్పులు, మాటల్లో మాత్రం థర్మామీటర్ ఫ్యాక్టరీ పాదరసం, జబ్బుపడ్డ కార్మికులు. వాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పోరాటానికి ఆ పాట తోడైంది. 2016లో కంపెనీ 591 మంది మాజీ కార్మికులతో ఒప్పందానికి వచ్చింది. ఆనవాయితీని వాడుకోవడం అంటే అలా. ఆనవాయితీ మనల్ని వాడుకోకూడదు.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. ప్రతి పాటా నాలుగు నిమిషాల్లో పట్టదు. మణుగూరు దగ్గర కూనవరం కోయ పెద్దాయన సకిని రామచంద్రయ్య గారు డోలి పట్టుకుని సమ్మక్క సారలమ్మల కథ పాడేవారు. 2022లో పద్మశ్రీ, 2024లో మరణం. ఆ కథకి హుక్ స్టెప్పు ఉండదు, ప్రోమో ఉండదు. అలాంటివాటిని కోసి అతికించకుండా, ఒకచోట కెమెరా పెట్టి పూర్తిగా రికార్డ్ చేసి దాచడం కూడా వీడియో తియ్యడమే. వ్యూస్ వందే రావొచ్చు. మన పిల్లలకి కావాల్సింది ఆ వందలోనే ఉంటుంది.

మరి ఏం చేద్దాం? పాట తీసేవాళ్ళకి నేను చెప్పేవి నాలుగే.

ఒకటి, పాడిన మనిషి మొహం కనీసం ఒక చరణం మొత్తం తెర మీద ఉండాలి. కాటన్ చీరలోనే, తన ఇంటి ముందే ఉండనివ్వండి.

రెండు, పండగకి, మొక్కుకి కట్టే వేషాన్ని షూటింగ్‌కి వాడేముందు ఆ ఊరి పెద్దల్ని అడగండి. వద్దంటే వద్దు. మామూలు రోజు మనం కట్టుకునే బట్టలు కూడా ఆదివాసీ బట్టలే.

మూడు, 'జానపదం' అని ఒక్క మాట రాసి వదిలెయ్యకండి. ఏ తెగ, ఏ ఊరు, ఎవరి దగ్గర విన్నారు, ఎప్పుడు విన్నారు, రాయండి. వెనక వరసలో ఆడినవాళ్ళ పేర్లు కూడా రాయండి.

నాలుగు, షూటింగ్ రోజునే ఒక పేజీ కాగితం తెలుగులో రాసుకోండి. ఎవరు పాడారు, ఎంత ఇచ్చారు, తర్వాత డబ్బు వస్తే వాటా ఎంత. చదివి వినిపించి, వేలిముద్రో సంతకమో తీసుకుని, ఒక కాపీ పాడినవాళ్ళ ఇంట్లో ఉంచండి.

'ఇవన్నీ పెడితే ఎవరు పాట తీస్తారు, ఉన్న అవకాశాలు కూడా పోతాయి' అని మనవాళ్ళే కొందరు భయపడతారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. చిన్న టీములకి నిజంగానే డబ్బుండదు. కానీ పైన చెప్పిన నాలుగింట్లో డబ్బు ఖర్చయ్యేది ఏది? పేరు రాయడానికి రూపాయి ఖర్చు కాదు. కాగితం ఒకటి. డ్రోన్ అద్దెకంటే ఎంత తక్కువో మీరే లెక్కేసుకోండి.

చూసేవాళ్ళకీ ఒక పని ఉంది. పాట అయిపోగానే వేరేదానికి పోకండి. పేర్లు చదవండి. పాడినవాళ్ళ పేరు లేకపోతే కింద మర్యాదగా ఒక్క ప్రశ్న రాయండి: 'ఈ పాట ఎవరి దగ్గర విన్నారు అన్నా?' తిట్టొద్దు, ట్రోల్ చెయ్యొద్దు. ఆ ఒక్క ప్రశ్న వందమంది అడిగితే తర్వాతి పాటకి పేరు పడుతుంది. ఆనవాయితీలు మారేది అలాగే.

యూట్యూబ్‌లో వీడియో కింద వివరాలు రాసేచోట ఐదు వేల అక్షరాలు పడతాయి. మా కాలనీలో ప్రతి ఇంటివాళ్ళ పేరూ రాసినా ఇంకా చోటు మిగులుతుంది.